కట్టు కట్టిన ఓడ

కరీంనగర్

విశాఖపట్నంలో మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే యుద్ధనౌకలు కనబడతాయి. బీచి రోడ్డులో ఒక జలాంతర్గామిని గట్టెక్కించి టిక్కెట్టు కూడా పెట్టారు. జనం లోపలికి వెళ్లొచ్చి మిరపకాయ బజ్జీలు తిని ఇళ్లకు పోతారు. అలాంటి ఊరిదాన్ని, ఓడ కోసం సముద్రమే లేని జిల్లాలకు బయల్దేరాను. చూడటానికి వెళ్లానని ఇప్పుడు మర్యాదగా అంటున్నాను గానీ, వెళ్లింది పోట్లాడటానికి.

సంగతి చెబుతాను. నేను కాలేజీలో చిత్రకళా చరిత్ర పాఠం చెబుతాను. రెండేళ్ల కిందట నా విద్యార్థిని ఒకమ్మాయి సెలవుల నుంచి వస్తూ ఫోనులో ఒక ఫొటో పట్టుకొచ్చింది. గోదావరి అవతల, చెన్నూరు దాపున ఒక చిన్న ఊళ్లో నేతపనివాళ్ల సంఘం హాలు ఉంది. దాని గోడ మీద బొమ్మ అది. డెబ్భై ఒకటి యుద్ధం ముగిసిన కొత్తలో అక్కడి బడిలో డ్రాయింగు మాస్టారు వేశారట. ఆయన పోయి చాలా కాలమైంది. చీకటి ఆకాశం కింద ఒక యుద్ధనౌక. పిల్లల పుస్తకాల్లో ఉండే ఓడ కాదు. ముక్కలుగా కోసి మళ్లీ అతికించినట్టు కోణాలు, నల్లటి ఒంటి మీద అడ్డదిడ్డంగా తెల్ల పట్టీలు, ముక్కు దగ్గర నుంచి చీకట్లోకి సాగిన సన్నటి తెల్ల గీతలు.

చూసి ఎగిరి గంతేశాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలకు ఇలాగే నలుపు తెలుపు పట్టీలు పూశారు. ఓడ ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో శత్రువుకు అంతుబట్టక గురి తప్పాలని ఎత్తు. ఆ పూత పని చేసినవాళ్లలో చిత్రకారులున్నారు. తర్వాత అవే ఓడల్ని కాన్వాసుల మీదికీ ఎక్కించారు. ఆనాటి కొత్త చిత్రకారులకు యుద్ధనౌక అంటే రాజ్యం, ఉక్కు, యంత్రం, మగతనం, శవపేటిక, అన్నీను. ఇరవై ఏళ్లుగా ఈ ముక్కలే బోర్డు మీద రాస్తున్నదాన్ని, మారుమూల మాస్టారికి ఇదంతా తెలుసన్నమాట అని పొంగిపోయి ఒక పత్రికకు వ్యాసం రాసిపారేశాను. ఇది శత్రువుకు జడిసి దాక్కునే ఓడ, ఆ పట్టీలు మారువేషం, ముందున్న గీతలు సెర్చ్‌లైటు కిరణాలు అని ఢంకా బజాయించాను. గోడ చూడలేదు. ఊరు చూడలేదు. అరచేతిలో పట్టే ఫొటో చూసి ఎనిమిది పేజీలు నింపాను.

మొన్న భాద్రపదంలో ఒక ఫోను వచ్చింది.

“మేడం, నేను నర్సవ్వను. గా ఓడ గోడున్న ఊరిదాన్ని. మా వాడల టీచరమ్మ మీ నంబరు దొరకవట్టి ఇచ్చింది. మీరు రాసిన రాతకు గోడ మీద రంగులేస్తున్నరు. పెత్రమాస లోపల్నే ఐపోవాలెనట. ఒక్కసారి వచ్చి పోరాదుండ్రి.”

పెత్రమాస అంటే మాకు మహాలయ అమావాస్య, అక్కడ పోయినవాళ్లకు పెట్టుకునే రోజు, బతుకమ్మ మొదలయ్యేదీ ఆ రోజే. ఆరు రోజులే ఉంది. నా రాతకు ఎవరో గోడ చెరపడమేమిటో అర్థం కాలేదు. కోపం మాత్రం అప్పుడే మొదలైంది.

కరీంనగర్‌లో దిగి బస్టాండు పక్కన సర్వపిండి తిన్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకే అద్ది కాలుస్తారు. ముప్ఫై రూపాయలు. మా దిబ్బరొట్టెకు చెల్లెలనుకోవచ్చు, కారంలో మాత్రం అక్క. అమ్మే ఆవిడ నా యాస విని ఎందుకొచ్చానని అడిగింది. ఓడ చూడటానికని చెప్పాను.

“కరీంనగర్ల ఓడెక్కడిదమ్మా? డ్యాం కాడ బోటున్నది, టికెటు తీస్కొని ఎక్కుండ్రి,” అంది జాలిగా.

సుల్తానాబాద్

సుల్తానాబాద్ దాటకముందే బస్సు టైరు పేలింది. దిగి, రైసుమిల్లు ఎదుట ఉన్న హోటల్లో చాయ్ తాగాను. పది రూపాయలకు ఇంత కప్పు, అందులో సగం పంచదార. హోటలు పైన ఎవరో నాయకుడు పండుగ శుభాకాంక్షలు చెబుతున్న ఫ్లెక్సీ. ఆయన తల వెనక ఒక యుద్ధనౌక, దాని పైన మూడు విమానాలు, ఆ పైన జెండా. ఆయనకూ సముద్రానికీ ఏం చుట్టరికమో నాకు బోధపడలేదు.

ఓడను తేరిపార చూశాను. మా వీధి పిల్లలైనా చెబుతారు, అది మన ఓడ కాదని. ఏదో పరాయి దేశం ఓడ. ఆ మాటే హోటలాయనతో అన్నాను.

“ఏ ఓడైతేంది మేడం? ఇంటర్నెట్ల మంచిగ కనవడ్డది ఏసిన్రు. గంత పరేషాన్ ఎందుకు?” అన్నాడు.

ఒళ్లు మండింది. నేనెరిగిన చిత్రకారులు ఓడను వేసేటప్పుడు, అందులో ఉన్న మనుషులు ఏమవుతారోనని కనీసం భయపడ్డారు. ఇక్కడ ఓడంటే నాయకుడి తల వెనక పెట్టే వెలుగు చక్రం. చాయ్‌లో తీపి ఎక్కువైందని హోటలాయన మీద విరుచుకుపడ్డాను. పాపం, ఆయన తప్పేమీ లేదు.

ఊరు, పేరు రాయను

ఆ ఊరి పేరు ఒకసారి రాసి చాలా చేశాను. మళ్లీ రాయను.

నర్సవ్వకు అరవై ఐదు దాటి ఉంటాయి. ఇప్పటికీ సాంచాలకు, అంటే కరెంటు మగ్గాలకు, కండెలు చుడుతుంది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు చుట్ట. రోజంతా చుడితే వచ్చే కూలి ఎంతో చెప్పింది. మా ఊళ్లో ఆ డబ్బుకు ఇద్దరు కడుపునిండా టిఫిను తినలేరు. ఆ కూలితో బతికే మనిషి నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుని, అప్పుడు గోడ దగ్గరికి తీసుకెళ్లింది.

గోడకు అప్పటికే కర్రలు కట్టి ఉన్నాయి. ఒక మూల సున్నం కొట్టి చూశారు. నేను అలవాటు ప్రకారం పాఠం మొదలుపెట్టాను. ఈ పట్టీలు చూశారా, ఇవి శత్రువును మోసం చేయడానికి అని.

నర్సవ్వ కాసేపు విని, నా చెయ్యి పట్టి గోడకు ఆనించింది.

“మోసమెక్కడిది బిడ్డా? గవి కట్లు. దవాఖాన కట్లు. దగ్గరికొచ్చి సూడు.”

చూశాను. ప్రతి తెల్ల పట్టీకీ అంచున వెంట్రుకంత నీలి గీత ఉంది. ఫోనులో అది కనబడదు.

“యుద్ధమప్పుడు మన సంఘానికి ఆర్డరొచ్చింది, దెబ్బలకు కట్టే గుడ్డ నెయ్యాలెనని. జాలి లెక్క పల్చగ నేసేది. ఇంటింటికి గదే పని. నేను చిన్నపిల్లను, కండెలు చుట్టేదాన్ని. మన సంఘం గుర్తని అంచుకు ఒక నీలిపోగు ఏసేటోళ్లు. ఇగో, గిదే.”

ఆమె అన్న రాజలింగు నౌకాదళంలో వంటమనిషి. అతని ఓడ పడమటి సముద్రంలో మునిగింది. ఇంటికి టెలిగ్రాం వచ్చింది.

“పీనుగ రాలే. బొంద లేదు, బూడిద లేదు. డ్రాయింగు సారు మా అన్నకు బళ్లె బొమ్మలు నేర్పినోడు. సంఘపోళ్లు సారును పిలిచి గోడ మీద ఓడ ఏయుమన్నరు, తుపాకులు, జెండా అన్ని పెట్టుమన్నరు. సారు నెల దినాలు బ్రష్షు ముట్టలే. ఆఖరికి గిట్ల ఏసిండు, మునిగిన ఓడకు మేం నేసిన గుడ్డతోని కట్టు కట్టిండు. మమ్ముల కన్న మా అవ్వ వచ్చి గోడకు తలకాయ ఆనిచ్చి ఏడ్సింది. మనం నేసిన గుడ్డ పోరనికి అందింది తియ్యి అన్నది. అప్పటిసంది పెత్రమాసకు ఈడ్నే పెడ్తం, గారెలు, చేపల కూర.”

ఇన్నేళ్ల చదువు, ఎనిమిది పేజీల వ్యాసం, అన్నీ కలిపి ఒక్క నీలిపోగును చూడలేకపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా బుద్ధి లేక ఇంకో ప్రశ్న అడిగాను. మరి ముందున్న ఆ కిరణాలు?

“ఏం కిరణాలు? గవి పోగులు. బట్ట ఐపోయినంక అచ్చు పోగులు, గవే మగ్గం మీది నిలువు పోగులు, మొదలంట తెంపం బిడ్డా. కొత్త అచ్చు తెచ్చి గా పాత కొసలకే ఒక్కొక్క పోగు అతుకుతం. అతికేటందుకు కొసలు ఉండాలె. అన్ని తెంపినవంటె గా మగ్గం పని ఒడిసినట్టే. సారుకు గది ఎరుకే. మా అవ్వ కోసం కొసలు ఇడిసిపెట్టిండు.”

లెక్కపెట్టాను. ఏడు పోగులు. నేను సెర్చ్‌లైటన్న ఏడు పోగులు.

అధ్యక్షుడి గది

సంఘం అధ్యక్షుడి గదిలో ఏసీ ఉంది. చెప్పులు బయట విడవమన్నారు. ఆయన నన్ను చూసి మహా సంబరపడి, శాలువా తెప్పించబోయాడు. శాలువా వద్దు, గోడ వదిలేయండి అన్నాను.

ఆయన సొరుగులోంచి నా వ్యాసం తీశాడు. మొదటి పేజీలో రెండు వాక్యాల కింద ఎర్ర గీత ఉంది.

“శత్రువుకు జడిసి దాక్కునే ఓడ అని మీరే రాసిన్రు గద మేడం. చదివిన కాడ్నుంచి నాకు నిద్ర పడ్తలేదు. మా ఊరి గోడ మీద జడిసే ఓడ ఎందుకుండాలె? మన ఓడలు దాక్కుంటయా?”

తప్పు రాశానని చెప్పాను. కట్ల సంగతి, నీలిపోగు సంగతి, రాజలింగు సంగతి చెప్పాను. మనిషి శ్రద్ధగానే విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు.

“గిది ఇంకింత అధ్వాన్నమున్నది. అంటే దెబ్బలు తిన్న ఓడనా? మునిగిన ఓడనా? పెత్రమాసనాడు బతుకమ్మలు పట్టుకొని ఆడోళ్లందరు ఆ గోడ ముందల్నే ఆడుతరు. మంచిదినం పూట గాయాల బొమ్మ చూపెడ్తమా? నర్సవ్వకు చెప్పిన, నీ అన్న పేరు పాలరాయి మీద చెక్కిపిస్తనని. ఇంకేం కావాలె?”

ఆయన వేయించబోయే ఓడ కాగితం చూపించాడు. సుల్తానాబాద్‌లో నాయకుడి తల వెనకున్న ఓడే. అది మన దేశానిది కాదండీ మహానుభావా అన్నాను.

“జెండా మనదే పెడ్తున్నం గద,” అన్నాడు.

అరిచాను. ఆ గదిలో నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. ఆయన మాత్రం గొంతు పెంచలేదు. అది నన్ను మరీ మండించింది. చెడ్డవాడైతే తిట్టి తృప్తిపడేదాన్ని. ఆయన పోయినవాణ్ణి గౌరవిస్తున్నాననే నమ్ముతున్నాడు. పెద్ద ఓడ, పెద్ద తుపాకి, పెద్ద పేరు. మనిషి చచ్చిపోయిన సంగతి మాత్రం ఎక్కడా కనబడకూడదు. ఇలాంటి గౌరవానికి నేను నా ఎర్రగీతల వాక్యాలతో దారి వేశాను.

బయటికి వచ్చి నర్సవ్వతో జరిగింది చెప్పాను.

“పాలరాయి మీద పేరు నేనేం జేసుకోవాలె? మా అన్న పేరు నాకెరుక లేదా?” అని, కండెల దగ్గరికి వెళ్లిపోయింది.

లక్సెట్టిపేట మీదుగా

బొమ్మ వేసే మనిషి ఆదిలాబాద్‌లో ఉంటాడని తెలిసింది. చెన్నూరు, మంచిర్యాల అంతా ఫ్లెక్సీల వాళ్లే. చేత్తో గోడ మీద రాసేవాళ్లు కరువయ్యారు. ఫ్లెక్సీ గాలికి చినుగుతుందని అధ్యక్షుడు అంత దూరం నుంచి పెయింటరును కుదిర్చాడు. ఆ పెయింటరు కాళ్లు పట్టుకుందామని బస్సెక్కాను.

లక్సెట్టిపేటలో బస్సు ఆగినప్పుడు ఉడకబెట్టిన మక్కకంకి కొన్నాను, ఇరవై రూపాయలు. మా బీచిలో నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ రుద్దుతారు, ఇక్కడ ఉప్పునీళ్లలో ఉడికించారు. కోపంలో కొరికితే పన్ను కదిలింది. ఆదిలాబాద్ చేరేదాకా దవడ పట్టుకుని కూర్చున్నాను. జన్నారం దాటాక రెండువైపులా టేకు అడవి, అక్కడక్కడా గోండు గూడేలు. మరో రోజైతే దిగి చూసేదాన్ని.

ఆదిలాబాద్

పెయింటరు ఖాజా భాయ్ ఇంట్లో పొద్దున్నే పోహా పెట్టారు. అటుకుల్ని తడిపి ఉల్లిపాయతో వేయించి పైన సేవ్ అనే సన్న కారప్పూస చల్లుతారు. మహారాష్ట్ర పక్కనే కదా, ఇడ్లీ కంటే ఇదే ఎక్కువ తింటారు. ఖాజా భాయ్ భార్య నా దవడ చూసి, రెండు లవంగాలు ఇచ్చి పంటి కింద పెట్టుకోమంది. ఆయనకు అరవై ఉంటాయి. వేళ్ల సందుల్లో రంగు ఎప్పటికీ పోనంతగా పట్టుకుపోయింది.

నేను సూటిగా, చాలా తెలివితక్కువగా ఒక మాటన్నాను. మీ కూలి నేనిస్తాను, ఈ పని చేయకండి అని.

ఆయన పళ్లెం కింద పెట్టేశాడు.

“క్యా మేడం, పని జేయకపోనీకి పైసలిస్తరా? బ్రష్షు వట్టెటోనికి గింత కన్న బేజ్జతి ఉంటదా? మూడు నెల్లసంది చేతుల పని లేదు. ఫ్లెక్సీ మిషిను వచ్చి మా నోట్ల మన్ను గొట్టింది. ఒక్క గోడ దొరికింది, గది గూడ వద్దంటరు. నేను పోకుంటె ఇంకోడు వస్తడు, వాడు గోడంత గీకి పారేస్తడు.”

ఆయన కోపం ముందు నా కోపం తెల్లబోయింది. క్షమించమన్నాను. ఇక అడగడానికి ఏమీ లేక, ఫోనులో ఫొటో తీసి నర్సవ్వ చెప్పిందంతా చెప్పాను, కట్లు, నీలిపోగు, తెంపని ఏడు పోగులు. నేను రాసిన తప్పు కూడా చెప్పాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

“పెద్ద చెయ్యి,” అన్నాడు చివరికి. “గీ పోగులేమో ఓడకు బయటున్నయ్, ఆకాశంల. నాకు చెప్పింది ఓడ ఏయుమని. ఆకాశం గురించి ఎవ్వలేం చెప్పలే.”

ఇంకో కప్పు చాయ్ పోయించాడు. ఆ ఆకాశం మాటకు అర్థం నాకు అప్పుడు తట్టలేదు. ఓడిపోయి వెనక్కి వస్తున్నాననుకునే వచ్చాను.

పెత్రమాస

చెన్నూరులో లాడ్జి తీసుకుని మూడు రోజులున్నాను. గోడ దగ్గరికి వెళ్లలేకపోయాను. కట్లు ఒక్కొక్కటీ బూడిద రంగు కింద మాయమవుతుంటే నిలబడి చూసే ధైర్యం లేదు. పెత్రమాస నాడు పొద్దున నర్సవ్వ పిలిస్తే వెళ్లాను.

కొత్త ఓడ నిగనిగలాడుతోంది. తుపాకులు, రాడారు, మూడు రంగుల జెండా. ఏ దేశానిదో ఓడ మన జెండా కట్టుకుని సముద్రం లేని ఊళ్లో నిలబడింది. కట్లు లేవు. ఒక్క నీలిపోగు లేదు.

అప్పుడు ఓడ ముక్కు దగ్గర చూశాను. పాత చీకటి అలాగే ఉంది. ఆ చీకట్లో ఏడు తెల్ల పోగులు. ఖాజా భాయ్ వాటి దాకా వచ్చి, కత్తితో కోసినంత శుభ్రంగా అంచు దిద్ది, ఆగిపోయాడు.

అధ్యక్షుడు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. చూసి మురిసిపోయాడు. తర్వాత వేలు పెట్టి చూపించాడు.

“గిదేంది ఖాజా? గీ పాత గీతలు తుడ్వలే?”

ఖాజా భాయ్ బ్రష్షు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

“సెర్చ్‌లైట్ సార్. చీకట్ల దుష్మన్‌ను దొరకవట్టే లైటు. గీ మేడమే రాసింది గద.”

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. “అవునా మేడం?”

ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను, చూసినదే రాయండి, తప్పని తేలితే దిద్దుకోండి అని. ఆయన కళ్లలోకి చూసి చెప్పాను.

“అవునండీ. సెర్చ్‌లైటే.”

“మస్తుగున్నది. ఉండనియ్యి,” అన్నాడు. ఆ ఏడు గీతల ముందు నిలబడి ఫొటో కూడా దిగాడు.

వాళ్లు వెళ్లాక నర్సవ్వ కొంగు చాటు నుంచి విస్తరాకు తీసింది. గారెలు, చేపల కూర. ఎప్పుడూ ఓడ నడుమకు ఎదురుగా పెట్టేదట. ఈసారి పోగుల కింద పెట్టింది. ఓడ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చెయ్యి చాచి ఒక పోగు కొసను వేలితో తడిమింది.

“కట్లన్ని పోయినయ్ బిడ్డా,” అంది. ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, ఏడింటినీ వరసగా ముట్టుకుని చూసింది. “కొసలున్నయ్. అతుకనీకి సాలు.”

ఒక గారె తుంచి నా చేతిలో పెట్టింది. దవడ నొప్పికి ఆ పొద్దున పెట్టుకున్న లవంగం ఇంకా పంటి కిందే ఉంది. అలాగే తిన్నాను.

నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. అధ్యక్షుడి మీద ఉంది, ఆ ఫ్లెక్సీల మీద ఉంది, అన్నిటికంటే నా ఎనిమిది పేజీల మీద ఉంది. పత్రికవాళ్లు సవరణ వేస్తామన్నారు, అది చదివితే ఆ ఏడు గీతలకూ రంగు కొట్టిస్తారని వద్దన్నాను. ఊరి పేరు రాయనిదీ, నర్సవ్వ, రాజలింగు, ఖాజా భాయ్ పేర్లు మార్చిందీ అందుకే. అధ్యక్షుడు నా వ్యాసంలో మొదటి పేజీ దాటలేదు, ఇదీ ఇంత దూరం చదువుతాడనుకోను. ఒకవేళ చదివితే ఆయనకు ఒకటే మనవి. అవి సెర్చ్‌లైట్లే సార్, ముట్టుకోకండి.